భుజం నుంచి గోళ్ళ దాకా

నీళ్ళు ఆసుపత్రి మూడో మెట్టు దాకా వచ్చిన రెండో వరద ఏడాది అది. బట్టలుతికే గదిలో అన్నాలయ్యాయి. మాస్టారు చేత్తో దుప్పటి మడతపెడుతూనే జోకు మొదలుపెట్టాడు. మాస్టారన్నది పిలుపే. ముప్పై ఏళ్ళుగా ఆయన పని మడతలు పెట్టడం. రోగులు వదిలేసిన పాత పత్రికల్లో ఇంగ్లీషు నేర్చాడు; ఇప్పుడు రోజుకో జోకుతో మిగతావాళ్ళకి నేర్పుతున్నాడు.

కొత్త సూపర్‌వైజరమ్మకి ఇంగ్లీషు తప్ప మరోటి రాదు. రేపు పొద్దున ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడుతుంది. జవాబు చెప్పలేనివాళ్ళకి పని ఉండదు.

"ఒకడు డాక్టరు దగ్గర 'మై హ్యాండ్ పెయిన్' అని ఏడ్చాడు. డాక్టరు అరచేతికి కట్టు కట్టాడు. వాడికి నొప్పి భుజం కింద!"

అందరూ నవ్వారు, ఇస్త్రీ చేసే ఆయన తప్ప. నవ్వితే అర్థమైనట్టని మాస్టారి లెక్క. ఈయన ఏ రోజూ నవ్వలేదు.

"చెయ్యి నొప్పన్నాడు, చేతికే కట్టాడు. తప్పెక్కడుంది మాస్టారూ?"

"నీకు ఇస్త్రీ పెట్టె పిడీ అడుగూ ఒకటేనా అన్నయ్యా?" అంది ఉతికే ఆవిడ.

మాస్టారు విసుక్కోలేదు. ఇస్త్రీ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "మనకి భుజం నుంచి గోళ్ళ దాకా ఒకటే చెయ్యి. వాళ్ళకి ఇక్కడ సరిహద్దు. పైది ఆర్మ్, కిందది హ్యాండ్."

"ఒక్క చేతిని రెండు ముక్కలు ఎందుకు చేసుకున్నారు?"

"ఏమో మరి. రేపు ఆవిడనే అడుగుదువు గాని."

ఇస్త్రీ ఆయన సాయంత్రం దాకా తన మణికట్టు చూసుకుంటూనే పనిచేశాడు. మాస్టారు దుప్పట్ల దొంతరకి తల ఆన్చి కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ కదపలేదు. దొంతర తియ్యబోయినప్పుడు తెలిసింది, ఊపిరి లేదని.

మర్నాడు ఇస్త్రీ ఆయన అందరికన్నా ముందొచ్చాడు. సూపర్‌వైజరమ్మ ముందు వేసుకుందామని మాస్టారు ఇస్త్రీకి ఇచ్చి ఉంచిన చొక్కా కొక్కేనికి ఉంది. జేబు తడిమితే కాగితం. కూడబలుక్కుని చదివాడు: వాట్ హాజ్ టూ ఆర్మ్స్, బట్ నో హ్యాండ్స్?

జవాబు రాసి లేదు. వెనక్కి తిప్పాడు, అక్కడా లేదు. చేతులుండి చేతుల్లేనిదేమిటి? చొక్కా బల్ల మీద పరిచి నీళ్ళు చిలకరించాడు. ఒక చేతిమీదుగా పెట్టె తోసుకుంటూ మణికట్టు దాకా వచ్చి ఆగాడు. అక్కడితో చొక్కా అయిపోయింది.

నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకునేలోగా పిలుపొచ్చింది.

సూపర్‌వైజరమ్మ ఏదో అడగబోతే, తనే ముందు ఆ ప్రశ్న అడిగేశాడు. ఆవిడ కలం బుగ్గకి ఆనించి ఆలోచించింది.

"ఎ చెయిర్?"

"నో మేడమ్. షర్ట్."

ఆవిడ పకపకా నవ్వి అతని పేరు పక్కన టిక్కు పెట్టింది.

తిరిగొచ్చి రెండో చెయ్యి ఇస్త్రీ చేశాడు. ఎవరికివ్వాలో తెలియలేదు. బల్ల మీద చొక్కా, ఇంకా వెచ్చగా, రెండు చేతులూ బారచాపుకుని ఉంది.