నాలుగో రోజు తలుపు

"మూడంటే మూడే రోజులు, మద్దమ్మా. నాలుగో రోజు నేనే వచ్చి నా చేత్తో తలుపు తీస్తాను. వల్లా, దేవుడి మీద ఒట్టు."

కువైట్‌లోని జహ్రాలో, పనివాళ్ళు మామ అని పిలిచే ఇంటి యజమానురాలు మజీదా ఈ మాట అన్నది 1990 ఆగస్టు అయిదో తేదీన. అప్పటికి ఇరాక్ ట్యాంకులు వచ్చి మూడు రోజులైంది. ఆమె, భర్త, పిల్లలు, వెండి కూజాలు, పంజరంలో చిలక, అందరూ రెండు కార్లలో సర్దుకుని సౌదీ దిక్కుకు పోయారు. చిలకకు కారులో చోటు దొరికింది. పనిమనిషి మద్దమ్మకు దొరకలేదు. ఇల్లు కనిపెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి ఎటూ పోకుండా ఉండాలంటే బయటి నుంచి తాళం పడాలి కదా. ఆమె పాస్‌పోర్టు మేడ మీద ఇనప బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి మామ మెడలో ఉంది.

ప్రజలే చరిత్ర నిర్మాతలని గోడల మీద రాస్తారు. ఆ నిర్మాతల పాస్‌పోర్టులు ఎవరి బీరువాల్లో ఉన్నాయో ఏ గోడా రాయదు.

నాలుగో రోజు వచ్చింది. మామ రాలేదు. మద్దమ్మ మాత్రం రోజూలాగే లేచి బండలు తుడిచింది. ఎవరూ పడుకోని మంచాలకు దుప్పట్లు మార్చింది. ఎవరూ కూర్చోని సోఫాలు దులిపింది. మధ్యాహ్నం పని అయిపోయాక హాల్లో టీవీ ముందు చాప పరుచుకుని క్యాసెట్ పెట్టింది.

ఇంట్లో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టే. మామ పెద్దకొడుకు సినిమాలు తీయడం చదువుకుంటున్నాడు, అతను తెచ్చి పారేసింది. ఈనాటి చైనాలో మామూలు మనుషులు ఎట్లా బతుకుతున్నారో చూపించే డాక్యుమెంటరీ. పాట లేదు, ఫైటు లేదు. ఒక సందు. సందు మొదట్లో సైకిళ్ళు బాగుచేసే ఆయన, చివర ఆవిరి రొట్టెలు వండి అమ్మే ఆమె, మధ్యలో చలికి ముడుచుకుని బస్సు కోసం నిలబడ్డ జనం. రొట్టెలామె నడక అచ్చం రాయచోటిలో తమ వీధి సుల్తాన్‌బీ నడకే కాబట్టి మద్దమ్మ ఆమెకు సుల్తాన్‌బీ అని పేరు పెట్టింది. సైకిలాయన సుబ్బన్న అయ్యాడు.

ఆ క్యాసెట్‌లో నిన్న చూసింది ఈ రోజు ఉండేది కాదు. నిన్న అక్కడ వాన పడితే ఈ రోజు సందంతా బురద. వాళ్ళకూ తెల్లవారాలి కదా.

ఇదంతా ఆమె మొగుడు చిన్నపుల్లయ్యకు శుక్రవారం శుక్రవారం వంటింటి కిటికీ దగ్గర తెలిసేది. అతను ఫర్వానియాలో రొట్టెల బట్టీలో పని. జహ్రాకు రొట్టెలు వేసే వ్యాను నడిపేది అన్వర్ బాషా. ఆ వ్యాన్లో వచ్చి, కిటికీ ఇనప చువ్వల మధ్య నుంచి ఖుబ్బూసు రొట్టెలు మడిచి లోపలికి దూర్చేవాడు. ఒక శుక్రవారం దారిలో సిపాయిలు వ్యాను ఆపి రొట్టెలన్నీ లాక్కుని వెనక్కి పంపారు. తర్వాతి వారం అతను భయపడుతూ వచ్చాడు.

"ఏమే, ఏమన్నా తిన్న్యావా?"

"తిన్న్యా. బియ్యం అయిపోయినాయని సుల్తాన్‌బీకి ఎట్ల తెల్సిందో, టీవీలోంచి చెయ్యి చాపి రెండు రొట్టెలు ఇచ్చింది. నీకొకటి దాచినా. ఇంద."

చిన్నపుల్లయ్య తెల్లగా ఉబ్బిన ఆ రొట్టెను కొరికాడు. బట్టీ మనిషి కాబట్టి కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఉప్పు లేదే."

"ఊరికే పెట్టిన కూటికి ఉప్పు అడుగుతాండావా? నీ ఖుబ్బూసుల్లో ఇసుక ఉంటాది, నేనేమన్నా అన్న్యానా?"

వ్యాను లోంచి అన్వర్ బాషా కేకేశాడు. "వదినా, ఆ సుబ్బన్న పెండ్లానికి కాన్పు అయ్యిందా?"

"యాడ! నిన్ననే ఆసుపత్రికి పిల్చుకపోయినారు. ఈపొద్దు పెడితే తెలుస్తాది."

"మగపిల్లోడే. రాసిపెట్టుకో."

"నీ నోట్లో ఎప్పుడూ మగపిల్లోల్లే. నీకు ముగ్గురూ ఆడపిల్లోల్లే!"

ముగ్గురూ నవ్వారు. ఎదురుగా బడిలో దిగిన సిపాయి ఒకడు అటు చూసేసరికి నవ్వు ఆపారు.

ఒక సంగతి మద్దమ్మకు వింతగా ఉండేది. సుల్తాన్‌బీ రొట్టె ఇచ్చేటప్పుడు కూడా తన మొహం చూడదు. చెయ్యి ఇటు చాపుతుంది, చూపు ఎటో పెడుతుంది. అక్కడ ఎవరైనా పొరపాటున కెమెరా వైపు చూస్తే కనపడని మగ గొంతు ఒకటి కసురుతుంది. కెమెరా లేనట్టే బతకాలన్నది అక్కడి షరతు. "ఆయమ్మకూ ఒక మామ ఉన్నెట్టుండాది," అనేది మద్దమ్మ. ఆమెకు ఈ పాఠం కొత్తది కాదు. చేరిన రోజే మజీదా మామ నేర్పింది. అతిథులు వచ్చినప్పుడు గావా కాఫీ పోసేటప్పుడు తల ఎత్తకు. ఉన్నా లేనట్టుండు.

సెప్టెంబరు వచ్చింది. బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బస్సులు, అక్కడి నుంచి బొంబాయికి విమానాలు. బట్టీలో సగం మంది పోయారు. అన్వర్ బాషా మూట కట్టుకుని చివరిసారి వ్యాను తెచ్చాడు. చిన్నపుల్లయ్య ఇనప రాడ్డు తెచ్చాడు.

"నడూ మే. తాళం పగలగొడ్తా."

"వద్దయ్యా. పగలగొడితే దొంగలంటారు. పాస్‌పోర్టు లేకండా యాడికి పోదాం? నాలుగో రోజు వస్తాననింది."

"ఏ నాలుగో రోజే? నెల దాటిపాయె!"

"ఒట్టు పెట్టిందయ్యా. దేవుని మింద."

"పుల్లయ్యన్నా," అన్నాడు బాషా మెల్లగా, "ఆయమ్మను అడగొద్దు. కొట్టు."

చిన్నపుల్లయ్య రాడ్డు ఎత్తాడు. బడి గోడ మీద నుంచి సిపాయి అరిచాడు, తుపాకి ఇటు తిప్పాడు. చిన్నపుల్లయ్య రాడ్డును ఇసుకలో పడేసి, రెండు చేతుల్లో ఖుబ్బూసులు పైకెత్తి చూపించాడు. బాషా ఆ రోజే వెళ్ళిపోయాడు. చిన్నపుల్లయ్య ఉండిపోయాడు.

ఆ తర్వాత జహ్రాకు నడిచీ, ఎవరి బండో పట్టుకునీ వచ్చేవాడు. చలి మొదలయ్యాక ఒక శుక్రవారం మద్దమ్మే అంది: "వచ్చే వారం రాడ్డు వద్దు, రంపం బ్లేడు తే. సప్పుడు కాకండా కోయి. మామ రాదులే." ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఒట్టును నమ్మడం పేదవాళ్ళకు దురలవాటు. ఆ అలవాటు మీదే భవంతులు లేస్తాయి, ఆ అలవాటు మీదే సైన్యాలూ నడుస్తాయి. ఒకడు మూడు రోజుల్లో వస్తానంటాడు, ఇంకొకడు మిమ్మల్ని విముక్తి చేయడానికే వచ్చానంటాడు.

వచ్చే వారం అతను బ్లేడును రొట్టెల మధ్య పెట్టుకుని వచ్చేసరికి తలుపు లేదు. ఊడి వాకిట్లో పడి ఉంది. బూటు కాళ్ళ గుర్తులు ఇల్లంతా. ఏసీలు లేవు, బీరువా లేదు, కొళాయిలు కూడా లేవు. టీవీ, వీసీఆర్ పోయాయి. హాలు మధ్యలో నీళ్ళ బకెట్టు, దానికి ఆనించి తుడుపుకర్ర ఉన్నాయి. టీవీ ఉండిన చోటుకు ముందు మద్దమ్మ రబ్బరు చెప్పులు ఒకదాని పక్కన ఒకటి, గడప దగ్గర విడిచినంత వొద్దికగా ఉన్నాయి.

చిన్నపుల్లయ్య చెప్పులను చూసి, ఆమె ఎటు పోయిందో తెలిసి, క్యాసెట్ కోసం బయటికి పరుగెత్తాడు. ఇసుకలో చెయ్యి పెట్టి వెతికాడు. క్యాసెట్ గేటు దగ్గర దొరికింది. మీద హీరోయిన్ బొమ్మ లేదని సిపాయిలు వీసీఆర్ లోంచి పీకి విసిరేసినట్టున్నారు.

ఫర్వానియాలో అతనుండే గదిలో పిండి బస్తాల వెనక దాచిన టీవీ, వీసీఆర్ బయటికి తీశారు. క్యాసెట్ పెట్టారు. సందు చివర ఆవిరి లేస్తోంది. సుల్తాన్‌బీ పక్కన, నీలం రంగు దూది కోటు తొడుక్కుని, తలకు తెల్ల గుడ్డ కట్టుకుని మద్దమ్మ పిండి పిసుకుతోంది.

"వదిన బాగుండాదిలే అన్నా," అన్నాడు గదిలో ఉండే మునీంద్ర, "చలికి కోటు గూడా ఇచ్చినారు."

"మద్దా," అని పిలిచాడు చిన్నపుల్లయ్య. "మే, ఇట్ల చూడు. నేనూ వస్తా. చెయ్యి ఇయ్యి."

లోపలి వాళ్ళు చెయ్యి చాపితేనే ఎవరైనా అటు పోగలిగేది. ఆమె చేతులు పిండిలో ఆగాయి. కనపడని గొంతు కసిరింది. చేతులు మళ్ళీ కదిలాయి. ఆమె ఇటు చూడలేదు.

రోజూ పిలిచేవాడు. ఆమె రోజూ పిండి పిసికేది. ఒక రోజు ముక్కాలిపీట మీద కూర్చుని, అందరికంటే ముందు, వేడి వేడి రొట్టె తింది. ఆమె కూర్చుని తినడం, అదీ ముందు తినడం, అతను కాపురం పెట్టినప్పటి నుంచి చూడలేదు. ఇంకో రోజు సుబ్బన్న కూతుర్ని ఎత్తుకుని నవ్వింది. ఆడపిల్లే పుట్టింది. చిన్నపుల్లయ్యకు కడుపు నిండింది, అదే కడుపు మండింది కూడా. జనవరిలో, ఎందుకో ఆమె పిండి చేతులు కోటుకు తుడుచుకుని, మెల్లగా ఇటు తిరగబోయింది. మెడ సగం తిరిగింది. ఆకాశంలో అమెరికా విమానాల మోత లేచింది, కరెంటు పోయింది.

కరెంటు మళ్ళీ రాలేదు. ఒకడి విముక్తి మీద ఇంకొకడి విముక్తి వచ్చి పడింది. ఫిబ్రవరి ఆఖర్లో ఇరాకీలు పారిపోయారు. చమురు బావుల పొగకు మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు పెట్టే వేళలా ఉండేది. కార్లు హారన్లు కొడుతూ తిరిగాయి. చిన్నపుల్లయ్య క్యాసెట్‌ను చొక్కా లోపల కట్టుకుని, కరెంటు ఎక్కడ ఉందా అని తిరిగాడు.

మార్చిలో జహ్రాలో ఆ ఇంటి ముందు జెనరేటరు మోగుతోందని తెలిసింది. మామ తిరిగి వచ్చింది. కొత్త టీవీ, కొత్త తలుపు కూడా వచ్చాయి. మజీదా మామ బోసిపోయిన గోడలు తడుముతూ నిజంగానే ఏడుస్తోంది. అతన్ని చూసి అడిగిన మొదటి మాట: "నా తలుపు ఎవరు విరగ్గొట్టారు?"

"సిపాయిలు, మామా."

"నువ్వు కాదు కదా? మద్దమ్మ ఏది?"

అతను చొక్కాలోంచి క్యాసెట్ తీసి చూపించాడు. "ఇందులో ఉండాది. ఒక్కసారి పెట్టు మామా. చూసి పిల్చుకుని పోతా."

మామ క్యాసెట్ తిప్పి చూసి తన దగ్గరే పెట్టుకుంది. "ఇది మావాడిది. వాడు లేడు, రేపు రా."

రేపు వచ్చేసరికి వాకిట్లో గొర్రె మాంసం వాసన, హాలు నిండా చుట్టాలు. ఊరంతా దోపిడీ అయి ఖాళీ క్యాసెట్ ఎక్కడా దొరకలేదట. పెద్దకొడుకు ఆ క్యాసెట్‌నే తన కెమెరాలో పెట్టి, ముందు రోజు సాయంత్రం ఇంట్లో జరిగిన విజయోత్సవాన్ని దాని మీద మొదలు నుంచి చివరి దాకా పట్టేశాడు.

"రా, చూడు," అంది మామ సంబరంగా.

టీవీలో సందు లేదు. ఆవిరి లేదు. జెండాలు, చప్పట్లు, ఈ ఇంటి వాకిలి, ఈ కొత్త తలుపు. పళ్ళాల చుట్టూ జనం. వాళ్ళ కాళ్ళ మధ్య నీలం కోటు మనిషి ఒకతె వంగి ఎంగిలి కప్పులు ఏరుతోంది.

"మద్దా!" అన్నాడు చిన్నపుల్లయ్య. ఆమె ఏరుతూనే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి టీవీ అద్దానికి అరచెయ్యి ఆనించాడు. "మద్దా, నేనే మే."

"అట్లా కాదు," అంది మామ. గొంతు సవరించుకుంది. "మద్దమ్మా!"

మద్దమ్మ చటుక్కున తల ఎత్తింది. కెమెరా వైపు నేరుగా చూసింది. ఆ వాకిట్లో కసిరే గొంతు లేదు. ఉన్న గొంతు మామదే.

"నఅమ్, చెప్పు మామా."

"గావా."

మద్దమ్మ కూజా వంచి కప్పు నింపింది. తల దించుకుని చెయ్యి బయటికి చాపింది. ఆ చెయ్యి మొగుడి భుజం పక్కగా, తగలకుండా పోయింది. మామ కప్పు అందుకుని తాగింది. చుట్టాలు మెచ్చుకున్నారు, ఒకామె తనకూ పోయమంది. చిన్నపుల్లయ్య ఆ చేతిని పట్టుకోబోయాడు. ఖాళీ కప్పు తీసుకుని అది అప్పటికే లోపలికి పోయింది.

"ఎంత మంచి పిల్ల!" అంది మామ కళ్ళు తుడుచుకుంటూ. "నా మనిషి నాకు తిరిగి వచ్చింది. ఇంక ఇఖామా పర్మిట్టు అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. ఖలాస్."

చిన్నపుల్లయ్య లేచి నిలబడ్డాడు. వచ్చీరాని అరబ్బీలో, గొంతు ఎత్తకుండా అన్నాడు:

"తలుపు తియ్యి, మామా."

"ఏ తలుపు?"

"నాలుగో రోజు నీ చేత్తో తీస్తానంటివే, ఆ తలుపు. నేను రెండు నెలలు పిలిస్తే పలకలేదు. నువ్వు ఒక్కసారి పిలిస్తే పలికింది. చూడు, నీ ఇంటి తలుపు దాంట్లో గూడా కనపడతాండాది. ఆయమ్మ ముందరే ఉండాది. బయటికి రమ్మను."

మామ టీవీ వైపు చూసింది. చుట్టాల వైపు చూసింది. "అతిథులున్నారు. గావా ఎవరు పోస్తారు? తర్వాత చూద్దాం. బుక్రా."

"రేపు అనొద్దు మామా. మూడు రోజులు అనొద్దు. ఈసారి దినం నేను చెప్తాండా. మీ రంజాన్ పండగ లోపల, ఏప్రిల్ పదిహేను. ఆ పొద్దు నేను ఈ గడప మింద నిలబడుంటా. నువ్వు నీ చేత్తో తలుపు తీసి 'మద్దమ్మా, రా' అనల్ల. అంటావా, అనవా? ఏప్రిల్ పదిహేను లోపల నాకు జవాబు గావల్ల."