పుస్తకంలో కట్టిన మూలలు

మా దొరైస్వామి మేస్త్రి గుడియాత్తంలో పేరున్న మనిషి. ఆ పేరు ఎలా నిలబడిందని నన్నడిగితే నాకు నవ్వొస్తుంది. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర నేను చిత్తాళుని, అంటే ఇటుకలూ సిమెంటు చట్టీ మోసే ఆడమనిషిని. మూడేళ్లుగా ఆయన కళ్లు కూడా నేనే మోస్తున్నాను.

గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి కట్టిన ఇనుప గుండును పైనుంచి వదులుతారు. దారానికీ ఇటుకలకూ మధ్య సందు కిందిదాకా ఒకేలా ఉండాలి. మా మేస్త్రి గుండు వదిలి, మెడ వంచి, ఒక కన్ను మూసి, పెద్ద ఇంజనీరులా చూస్తాడు. కనబడితే కదా! నేను పక్కన చట్టి దించుతూ "కొంజెం ఎడమకు" అని గొణుగుతాను. ఆయన వెంటనే అందరికీ వినబడేలా "ఒరే, ఎడమకు కొట్టండిరా!" అని అరుస్తాడు. కళ్లద్దాలు పెట్టుకోమంటే, అద్దాలు పెట్టిన మేస్త్రికి ఇల్లు ఎవరు అప్పగిస్తారంటాడు. ఆహా, గుడ్డి మేస్త్రికైతే వరస కట్టి అప్పగిస్తారు కాబోలు.

వేలూరులో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు ఆడవాళ్లకు మేస్త్రి పని నేర్పుతామన్నారు. మొత్తం ఆరు నెలలు. వారంలో రెండు రోజులు అక్కడ పాఠం, మిగతా రోజులు ఎవరైనా మేస్త్రి కింద పని. ఏ వారం ఏం పని చేయించాలో పుస్తకంలో ఉంటుంది, చేయించానని ఆ మేస్త్రి వారం వారం సంతకం పెట్టాలి. చివర్లో పరీక్ష. నెగ్గితే మేస్త్రి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే కనియంబాడి దగ్గర లేస్తున్న కాలనీ ఇళ్లలో నాకు తాపీ పని ఖాయం. చట్టి దించి తాపీ పట్టాలి, నాకు కావలసిందల్లా అదొక్కటే.

నాకు పని నేర్పమని అడగ్గానే మేస్త్రి మహా సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు? కేంద్రం వాళ్లు ఆయన ఫోటో తీసి, కింద 'గురువు' అని రాసి, గోడకు తగిలించారు. ఆ ఫోటో కోసం తెల్లచొక్కా కూడా కుట్టించుకున్నాడు.

మా పనిలో గోడ నడుమ ఇటుకలు ఎవరైనా పేరుస్తారు. మూల మాత్రం మేస్త్రిదే. మూల తప్పితే ఇల్లంతా తప్పుతుంది. శిష్యుడికి మూల అప్పగించిన రోజున మేస్త్రికి తాంబూలం, పంచె పెట్టి మొక్కుతారు. అంత గొప్ప మూల నాకిస్తాడా? అయినా మొదటి వారమే అడిగాను.

"మూల ఇయ్యండి మేస్త్రీ. ఈ వారం పుస్తకంలో మూల అనే ఉండాది."

"పుస్తకంలో ఉంటే పుస్తకంలోనే కడదాం లేమ్మా," అని సంతకం గీకేశాడు. "ఆడదానికి మూల ఇచ్చినానంటే ఊళ్లో నగతారు. చట్టి తే పో, సీక్రం."

అలా వారానికొకటి చొప్పున ఆరు నెలల్లో పుస్తకంలో ఇరవై నాలుగు మూలలు కట్టాను. భూమ్మీద ఒక్కటీ కట్టలేదు. అయినా నాకు భయం లేదు, పొగరు. ఇన్నేళ్లు ఆయన గోడల వంకర పట్టిన కన్ను నాది, మూల నాకో లెక్కా అనుకున్నాను.

పరీక్ష పెట్టడానికి వేలూరు కేంద్రానికి ఆర్తి మేడం వచ్చింది. తిరుపత్తూరు తెలుగింటి పిల్ల. రెండు గంటల్లో నడుమెత్తు మూల కట్టాలంది. కట్టాక ఎవరి గురువు వాళ్ల శిష్యురాలి మూలకు గుండు వేసి సరో కాదో చెప్పాలట, ఆయన మాటే మార్కట. ఇంత తెలివైన నియమం ఏ మహానుభావుడు పెట్టాడో!

నాలుగు వరసలు బాగానే వచ్చాయి. ఐదో వరసకు చెయ్యి బరువెక్కింది. ఇటుకను ఎంత నొక్కాలో తెలియలేదు. ఒకటి నొక్కితే పక్కది లేచింది. వంకర వస్తోందని కన్ను చెబుతూనే ఉంది, చెయ్యి వినలేదు. దానికి ఎవరు నేర్పారు గనక వింటుంది?

టైం అయిపోయింది. మేస్త్రి తెల్లచొక్కాలో వచ్చి, గుండు వదిలి, ఒక కన్ను మూసి, నా వైపు వంగాడు.

"ఎట్లుండాది?" అని గొణిగాడు.

సరిగ్గా ఉందంటే చాలు, కార్డు నాది. నోటిదాకా వచ్చింది కూడా.

"కుడికి పోయింది మేస్త్రీ. అర వేలు."

ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు. "నేరుగా ఉండాది మేడం! చెయ్యి పట్టుకోని నేర్పినా కదా!" అన్నాడు. ఎంత మేలు చేశానో చూడమన్నట్టు నా వైపు చూసి తల ఊపాడు.

పక్క గోడ చూస్తున్న ఆర్తి మేడం పెన్ను తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరు నెలలు ఈయన దొంగ సంతకాలను నోరారా తిట్టుకున్నాను. ఇప్పుడు అలాంటి దొంగ కార్డు ఒకటి పట్టుకుని పోయి, పిల్లాజెల్లా పడుకునే ఇంటికి నేను మూల లేపాలా? ఛీ!

"రాయొద్దు మేడం, వంకరగా ఉండాది," అన్నాను. తాపీ పిడితో కొట్టి పై వరసలు నేనే పడగొట్టాను. తడి సిమెంటు చింది మేస్త్రి చొక్కా మీద పడింది.

"ఎందుకమ్మా ఇట్ల చేసినావు? మళ్లీ పరీక్షకు ఆరు నెలలు ఆగాల," అంది మేడం.

"ఆగుతా," అన్నాను.

గుడియాత్తం బస్సు ఎక్కగానే మేస్త్రి మొదలుపెట్టాడు. "నీకేమన్నా పిచ్చా? చేతికొచ్చిన కార్డు పారేసినావు. నా పరువు గంగలో కలిపినావు."

"మీ పరువు నా కళ్లతో నడస్తా ఉండాది మేస్త్రీ."

ముందు సీటులోవాళ్లు వెనక్కి తిరిగారు. ఆయన గొంతు తగ్గించాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ. రేపు సుందరం కట్టించే ఇంటికి నాలుగు మూలలు లేపాల. నువ్వు వస్తావు కదా?"

మా మేస్త్రి నన్ను బతిమాలడం అదే మొదలు. జాలి కలిగిందని అబద్ధం చెప్పను, కలగలేదు.

"వస్తా. మూలలు నేను కడతా. వంకరొస్తే పడగొట్టి మళ్లీ కడతా, చెయ్యికి వచ్చేదాకా. చట్టి మోసేదానికి ఇంకొకర్ని చూసుకోండి."

ఆయన చొక్కా మీది సిమెంటు గోటితో గీకుతూ కూర్చున్నాడు. పల్లికొండ దాటాక, "ఊళ్లో నగతారు మేనకా," అన్నాడు.

"నగనీండి. ఎవరు నగతా ఉండారో మీకు యాడ కనబడతాది?"