పటేల్ మాటకు గట్టిమేళం

సుత్తి రాతి మీద పడలేదు. లింగమూర్తి చూపుడు వేలి మీద పడింది.

కరువు పనికి వచ్చిన వాళ్లమంతా చూశాం. డెబ్బై రెండులో నానక్‌రామ్‌గూడ అవతల గుట్టల్లో రోడ్డుకు కంకర కొట్టించేవారు. మా ఫ్యాక్టరీ లాకౌట్‌లో ఉంది. బోరబండ నుంచి నడిచొచ్చి నేనూ అక్కడే రాళ్లు కొట్టేవాణ్ణి. లింగమూర్తి ఆ ఊరి గుడిలో సన్నాయి విద్వాంసుడు. గురువు ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, తోడి, కల్యాణి రాగాలు నేర్చుకున్న వేళ్లవి. మేస్త్రీ వచ్చి నెత్తురు చూసి నవ్వాడు.

"సన్నాయి ఊదేటోనికి సుత్తెందుకురా? పో, ఇంటికాడ ఊదుకో."

ఏ వేళ్లతో ఊదాలో మాత్రం చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటి దగ్గర తిండి ఉంటే ఆయన సుత్తి పట్టేవాడే కాదు. మేళగాళ్ల కోసమని పూర్వం ఇచ్చిన మాన్యం ఒకటుంది. ఊరి పటేల్ బావి పక్కనే ఉంది కాబట్టి కరువులోనూ పండుతోంది. ఆ వడ్లు మాత్రం పటేల్ గరిసెలోకి పోతున్నాయి. గుడికి ధర్మకర్త కూడా ఆయనే. అడిగితే "దేవుని సొమ్ము, దేవుడే చూసుకుంటడు" అంటాడు. దేవుడు చూస్తూనే ఉన్నాడు, పటేల్ తింటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం రాళ్ల కుప్పల మధ్యే సభ పెట్టుకున్నాం. ముందు డోలు వాయించే వీరేశం లేచాడు.

"మాయి కళ జేసే చేతులు. రాళ్లు కొట్టేటియి గావు. మా మాన్యం వడ్లు మాకియ్యాలె. ఈ కరువు గడిచేదాక మేళగాండ్లను సాదాలె!"

రాళ్లు కొట్టే వడ్డెర కిష్టమ్మ చేతిలోని తట్టను కింద పడేసింది.

"మీయి చేతులు, మాయి కట్టెలా? రాయి పడి నా పెనిమిటి కాలు పోయింది. అప్పుడు ఏ సభ పెట్టిండ్రు? మీ వేలు నలిగితెనే కరువచ్చెనా?"

"అది మేళం మాన్యం కిష్టమ్మా. తాతలనాటిది."

"అయితే మీ తాతలను తోలుకొని పో పటేల్ మీదికి. మమ్ములెందుకు పిలిచినవ్?"

జనం లేచి పోబోయారు. ఆ సభ అక్కడే చీలిపోతే పటేల్ చేయాల్సిన పని మేమే చేసిపెట్టినట్టు అవుతుంది. అప్పుడు లింగమూర్తి గుడ్డ చుట్టిన చేయి ఎత్తాడు.

"నన్ను దవాఖానకు మోసిందెవరు వీరేశం? పటేల్ మోసిండా? ఈ వడ్డెరోళ్లు మోసిండ్రు. గరిసె తెరిస్తే మనకే గాదు, దెబ్బ తాకినోళ్లందరి ఇండ్లకు పోవాలె వడ్లు. ఒప్పుకుంటవా, చెప్పు."

వీరేశం తల దించుకున్నాడు. చివరికి "సరే తియ్" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడని చెప్పను. కానీ అందరి ముందూ అన్నాడు.

సంగతి పటేల్ చెవిన పడింది. తెలివైనవాడు, గూండాలను పంపలేదు. సన్మానం పెట్టాడు. గుడి ముందు షామియానా వేయించి, తాసీల్దారు కామేశ్వరరావు గారిని పిలిపించాడు. మేళగాళ్లకు శాలువాలు కప్పుతాడట. వాళ్లు మాన్యాన్ని తమ ఇష్టంతోనే దేవుడికి వదులుకున్నారని మైకులో చెబుతాడట. తాసీల్దారు విని, ఊరు నోరు మూసుకుంటే ఇక ఆ వడ్లు అడిగే హక్కు ఎవరికీ ఉండదు. నోరు తెరిచేవాళ్ల కోసం పోలీసు జీపు తెప్పించి పెట్టాడు.

మేము పని మీంచి నేరుగా తట్టలతోనే వెళ్లాం. లింగమూర్తి బదులు ఆయన శిష్యుడు సన్నాయి పట్టాడు. పటేల్ గొంతు సవరించుకున్నాడు.

"మా మేళగాండ్లు మహా భక్తులు. ఇంత కరువుల గూడ దేవుని మీద ప్రేమతోని, వాళ్ల మాన్యం వాళ్లంతట వాళ్లే..."

"గట్టిమేళం! గట్టిమేళం!" లింగమూర్తి లేచి అరిచాడు.

వీరేశం డోలు మీద విరుచుకుపడ్డాడు. సన్నాయి, తాళాలు ఒక్కసారే లేచాయి. పటేల్ పెదవులు ఆడుతున్నాయి, మాట మాత్రం లేదు. ఆయన ఆగితే మేళం ఆగింది. ఆయన నోరు తెరిస్తే మళ్లీ మోగింది.

"ఏమిటండీ ఇది? ఇక్కడ పెళ్లేమన్నా జరుగుతోందా?" అన్నాడు తాసీల్దారు.

"తాళి గట్టేటప్పుడు ఎందుకు కొడ్తం సార్? తుమ్ము, ఏడుపు, అశుభం మాట చెవిన పడొద్దని. గిప్పుడు పటేల్ నోట్లకెల్లి అదే వస్తున్నది. మాన్యం మేం వదులుకోలె. ఎన్నటికీ వదులుకోం!" అన్నాడు లింగమూర్తి.

జనం గొల్లున నవ్వారు. పటేల్ ఎదుట ఆ ఊరు నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. సంతోషమూ కలిగింది, భయమూ వేసింది.

"వాళ్లు లేదంటున్నారు కదండీ, పటేల్ గారూ..." అని తాసీల్దారు నసిగాడు. పటేల్ జీపు వైపు చూశాడు. లాఠీలు లేచాయి. లింగమూర్తిని గాయపడ్డ చేయి పట్టుకునే ఈడ్చారు. వీరేశాన్ని, శిష్యుణ్ణి కూడా జీపులోకి తోశారు. డోలు దుమ్ములో దొర్లింది. పటేల్ మైకు సర్దుకున్నాడు.

"ఇగ వినుండ్రి. మాన్యం..."

కిష్టమ్మ వంగి డోలు ఎత్తి మెడకు తగిలించుకుంది.

"ముట్టకు! గుడి డోలది! నీకు తాళం తెలుసునే?" పటేల్ అరిచాడు.

"నేర్చుకుంట తియ్ పటేలా. ముందుగాల నీ నోరు బంద్ గావాలె!"

సుత్తి పట్టినట్టు డోలు పుల్లను కుడిచేత పట్టి బాదింది. అది ఏ తాళమూ కాదు. అయినా పటేల్ మాట ఎవరికీ వినబడలేదు. మేము ఇనుప తట్టలు బోర్లించి సుత్తులతో అందుకున్నాం.

జీపులోంచి వీరేశం తల బయటపెట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. లాఠీ దెబ్బలు ఓర్చుకున్నాడు గాని, ఆ వాయింపు ఓర్చుకోలేకపోయాడు.

"పుల్ల ఎడమ చేతికి, కిష్టమ్మా! ఎడమ చేతికి! కుడిదిక్కు వేళ్లతోని కొట్టు!"

పోలీసు ఆయన జుట్టు పట్టి లోపలికి లాగాడు. జీపు కదిలింది. కిష్టమ్మ పుల్ల చెయ్యి మార్చింది. రాళ్లు కొట్టి కాయలు కాచిన వేళ్లు కుడివైపు చర్మం మీద పడ్డాయి. ఈసారి దెబ్బ సరిగ్గా పలికింది. డోలు ముందు, మేమంతా వెనక, పటేల్ గరిసె వైపు కదిలాం.