ముఖ్య అతిథి వచ్చేదాకా రాకెట్

ఆలమూరు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన కామేశ్వరి, అమలాపురంలో కొత్తగా తెరిచిన మ్యూజియంలో రాకెట్ ప్రయోగం పెద్ద తెర మీద లైవ్‌లో చూపిస్తారని పేపర్లో చదివి బస్సెక్కి వచ్చింది. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాకెట్లు గీసిన మనిషి. ఒక్కసారైనా నలుగురిలో కూర్చుని నిజం రాకెట్ ఎగరడం చూడాలని ఆవిడ కోరిక.

తీరా చూస్తే తెర మీద రాకెట్ లేదు. నరసింహమూర్తి గారి నవ్వుమొహం ఉంది. ఆయన కొబ్బరి వ్యాపారి, మ్యూజియం కమిటీ అధ్యక్షుడు, పైగా ఇవాళ్టి ముఖ్య అతిథి.

"టైమైపోతోంది, పెట్టండి బాబూ," అంది కామేశ్వరి.

"అధ్యక్షులవారు రావులపాలెం దాటేరండీ. వారొచ్చి బటన్ నొక్కాలండి," అన్నాడు నిర్వాహకుడు శివశంకర్, గులాబీదండ సర్దుకుంటూ.

"రాకెట్ కూడా ఆయన కోసం ఆగుతుందా?"

"ఆయ్," అన్నాడు శివశంకర్, ప్రశ్న సరిగా వినకుండానే.

పక్క కుర్చీలో ఇందాకే పరిచయమైన రెబెకా ఉంది, కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. "ఇలా జరగండి మేడమ్ గారూ, నా ఫోన్లో చూద్దాం," అంది.

అరచేతిలో నిప్పు లేచింది. రాకెట్ మబ్బును చీల్చుకుని పోతుంటే కామేశ్వరి ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళు తడిశాయి. తలెత్తితే ఎదురుగా మళ్ళీ అదే నవ్వుమొహం! ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత తీరిగ్గా వచ్చాడు నరసింహమూర్తి. దండ వేశారు. బటన్ నొక్కాడు. శివశంకర్ వీడియోను వెనక్కి జరిపి పెట్టాడు. అధ్యక్షులవారు మైకులో అంకెలు లెక్కపెట్టారు, రాకెట్ లేచింది. ఇందాక ఫోన్లలో చూసినవాళ్ళంతా ఏమీ ఎరగనట్టు చప్పట్లు కొట్టారు.

"నా చేతుల మీదుగా ఈ ప్రయోగం..." అని మొదలుపెట్టాడాయన.

కామేశ్వరి లేచి నిలబడింది. "అది ఎప్పుడో వెళ్ళిపోయిందండీ. అప్పటికి మీరింకా దారిలోనే ఉన్నారు. ఇది రికార్డింగు."

నరసింహమూర్తి పకపకా నవ్వాడు. "చూసేరా మన రాకెట్ స్పీడు! నా కారుని కూడా దాటేసింది!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. అందరికన్నా ఆఖర్న ఆపింది శివశంకర్.

"పద రెబెకా, వీళ్ళ మధ్య కూర్చోలేం," అని కామేశ్వరి సంచి తీసుకుంది.

ఇద్దరూ గుమ్మం దాటుతుంటే ఫొటోగ్రాఫర్ గొంతు వినిపించింది. "సార్ పక్కన రాకెట్ సరిగా పడలేదండీ, ఇంకోసారి లేపండి."

లోపల అధ్యక్షులవారు మళ్ళీ అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.