నల్లరాతి హద్దు

మా మామ చనిపోయే ముందు చేను రెండు ముక్కలు చేసి, కొడుకు శీనయ్యకు ఒకటి, కూతురు వెంగమ్మకు ఒకటి రాశాడు. వెంగమ్మ నా భార్య, ఉత్తరపు ముక్క ఆమెది. కాగితంలో హద్దు ఇట్లా ఉంది: కొండ నుంచి వచ్చే నల్లరాతి వరస, అది పోయినంత దూరం.

నేలలోంచి గోడలా లేచిన ఆ వరస వాగు దాకా వచ్చి ఆగిపోతుంది. వాగు అవతల, ఎనభై బారలు దక్షిణంగా, మళ్లీ నల్లరాయి లేస్తుంది. రెంటికీ నడుమ బావి. రెండూ ఒకటే వరస అని నేను. అట్లయితే బావి వెంగమ్మది. వరస వాగుతోనే అయిపోయింది, అక్కడి నుంచి హద్దు తిన్నగా పోవాలని శీనయ్య. అప్పుడు బావి వాడిది. వరికుంటపాడు పెద్దమనుషులు వచ్చి, రెండు రాళ్లూ తట్టి చూసి, రెండూ నలుపే అని చెప్పి, భోంచేసి పోయారు. నేను బావికి గిలక బిగించాను. రాకపోకలు తెగిపోయాయి.

యాభై ఒకటిలో మా అత్తకు ప్రాణం మీదికి వచ్చింది. కూతురి కోసం శీనయ్య బండి పంపాడు. బావి మాదని వాడు ఒప్పుకునేదాకా నా భార్య ఆ గడప తొక్కదని చెప్పి బండిని తిప్పి పంపాను. వెంగమ్మ అప్పటికే మంచి చీర కట్టుకుని ఉంది. లోపలికి పోయి పాతది కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. అత్త పోయింది. మూడేళ్లకు వెంగమ్మా పోయింది. ఆ బండి మాట ఒక్కసారీ ఎత్తలేదు.

యాభై ఏడులో రామనారాయణ అనే భూగర్భ సర్వే ఆఫీసరు ఉదయగిరి కొండల కింద రాళ్లు చూస్తూ మా చేనికి వచ్చాడు. రాళ్లు కొట్టడం నాకు వచ్చు కాబట్టి నన్ను పనికి పెట్టుకున్నాడు. దిక్సూచి చూపే ఉత్తర దిక్కు యుగాన్ని బట్టి మారుతుందట. కరిగిన రాయి చల్లారేటప్పుడు ఆనాటి ఉత్తర దిక్కు దానిలో బిగిసిపోతుందట. ఎన్ని యుగాలైనా పోదట. రెండు వరసల్లోనూ ఆ దిక్కు చూస్తే రెండూ ఒకటేనో కాదో తెలుస్తుంది. ఒకటే అయితే వాగు వెంట నేల పగిలి జరిగినట్టు. ఎంత జరిగిందో కొలవడమే అతని పని.

నాకు కావలసింది అదే. జవాబు నాకూ రాయమన్నాను. రాస్తానన్నాడు.

నల్లరాయి దగ్గర దిక్సూచి ముల్లు దారి తప్పుతుంది. అందుకని పుల్ల నిలబెట్టి, ఎండ నీడను బట్టి రాతి మీద తెల్లరంగుతో బాణం గుర్తు గీసేవాడు. గీసిన తర్వాతే నేను గునపంతో పెళ్లగించాలి.

దక్షిణపు వరసలో ఆరు రాళ్లు తీసి గట్టు మీద పెట్టాం. మర్నాడు పొద్దున పోయేసరికి ఆరింటికీ గుర్తులు లేవు. సర్వే వాళ్లు నా పక్షాన హద్దు వేశారనుకుని శీనయ్య ఇటుకపొడితో తోమేశాడు. ఆఫీసరు తల పట్టుకున్నాడు. రాయిలో దిక్కు ఉంటుంది గానీ, అది నేలలో ఎట్లా కూర్చుని ఉన్నదో తెలియకపోతే దండగ అన్నాడు. ఆ ఒక్కరోజే మిగిలింది, సాయంత్రం ఆత్మకూరు బస్సెక్కాలి.

నేను కొట్టిన రాయి ఎక్కడిదో నాకు తెలుసు. విరిగిన రాయి తన గుంటలో ఒక్క తీరుగానే కూర్చుంటుంది. ఒక్కొక్కటే మోసుకుపోయి, తిప్పి, కదలకుండా పట్టేదాకా అమర్చాను. ఆఫీసరు అతుకు వేలితో తడిమి చూసి, మళ్లీ నీడ పట్టి గీశాడు.

శీనయ్య గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఎందుకు బావా అంత పాటు? రాళ్లు నీకేం చెప్తాయి?"

"నీ నోరు మూయిస్తాయిరా."

ఎనిమిది నెలలకు ఆఫీసరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు. మిషన్ బడి టీచరు లిదియమ్మ చదివి చెప్పింది. రెండు వరసలూ ఒకటి కావు. ఉత్తరపు రాతిలో దిక్కు ఒకవైపు, దక్షిణపు దానిలో దాదాపు ఎదురు వైపు. వేర్వేరు కాలాల్లో చల్లారినవి. నేల ఎంత జరిగిందో వీటితో చెప్పలేం. వాగు వెంట రాయి పగిలిన మాట మాత్రం నిజం, బావిలో నీళ్లు ఆ పగులు నుంచే ఊరుతున్నాయి. మీరు ఆ ఆరు రాళ్లనూ తిరిగి అమర్చకపోతే ఇంత కచ్చితంగా తేలేది కాదు, కృతజ్ఞతలు.

మళ్లీ చదవమంటారా అని అడిగింది. వద్దన్నాను.

ఊళ్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చెప్పే మనిషి కాదు. నాలుగు రోజులు ఉత్తరం దూలం సందులో పెట్టుకున్నాను. అయిదో రోజు బావి గిలక ఊడదీసి, భుజాన వేసుకుని శీనయ్య ఇంటికి పోయి వాకిట్లో పెట్టాను. బావి వాడిదేనని, రాళ్లు అట్లా చెప్పాయని చెప్పాను.

వాడు గిలకకు పట్టిన మట్టిని వేలితో గీకాడు.

"మాయమ్మ పొయ్యేదాకా తలుపు వెయ్యనీలేదు బావా," అన్నాడు. "ఏ బండి శబ్దమైనా, అక్క వచ్చిందేమో చూడరా అనేది."

రాళ్లు తోమినందుకు వాణ్ణి నేను క్షమించలేదు. నన్ను క్షమించమని అడగనూ లేదు. వెనక్కి తిరిగాను.

"ఎండగా ఉండాది. నీళ్లు తాగి పో."

తాగలేదు. ఇప్పుడు ఊరి చివర బావిలో చేదుకుంటున్నాను. అవి ఉప్పునీళ్లు.