ఇరవైమూడు సార్లు ఉండిపోయాను

"సినిమాల్లో ఉన్నంత నెమ్మదిగా ఇంట్లో కూడా ఉంటే ఎంత బాగుండునో" అంది డోరీన్. క్రిస్మస్ రోజు, పన్నెండు దాటుతోంది. నేను ఏడు కిలోల టర్కీ కోడికి చర్మం కింద వేళ్ళు దూర్చి వెన్న పట్టిస్తున్నాను. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చేతికర్ర కుర్చీకి ఆనించి, నేను తరిగిన బంగాళాదుంప ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూస్తోంది. ముక్కలు పెద్దవయ్యాయని ఇంకా అనలేదు. డోరీన్ మా ఆయన గ్రాంట్‌కి తల్లి. నేను ఆమెను పేరుతోనే పిలుస్తాను. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన అత్తరికం ఏమీ తగ్గదు.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. సినిమాల్లో నేను చాలా నెమ్మదస్తురాలిని. పదిహేడేళ్ళలో ఇరవైమూడు క్రిస్మస్ సినిమాలు చేశాను. అన్నీ టీవీ కోసం తీసినవే, అన్నిటిదీ ఒకటే కథ. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే ఒంటరి ఆడది డిసెంబరులో ఏదో పని మీద చిన్న ఊరికి వస్తుంది. ఆ ఊళ్ళో గళ్ళ చొక్కా తొడుక్కున్న వడ్రంగి ఒకడుంటాడు. మొదట పోట్లాట, తర్వాత కలిసి బిస్కెట్లు చేయడం, ఆ తర్వాత అపార్థం. సినిమా అయిపోవడానికి రెండు నిమిషాల ముందు మంచు పడుతుంది. "నేను ఇక్కడే ఉండిపోతాను" అంటాను. ముద్దు. సినిమాకి ఒక్కటే ముద్దు, అదీ చివర్లోనే. లాయరుగా ఉండిపోయాను, పత్రిక నడిపేదానిగా ఉండిపోయాను, ఒకసారి గుండె డాక్టరుగా కూడా ఉండిపోయాను. ఆ ఊళ్ళో అసలు ఆసుపత్రి ఉందా అని ఎవరూ అడగలేదు. ఇంట్లో నాకున్నది నిజం వడ్రంగి. గ్రాంట్ ఈ చుట్టుపక్కల అందరి వంటిళ్ళకీ అరలు చేసిపెడతాడు. మా వంటింట్లో సింకు కింద తలుపు ఏడేళ్ళుగా ఒకే బందు మీద వేలాడుతోంది.

ఈ సినిమాలన్నీ జులైలో తీస్తారు. ఉన్ని కోటు, మెడకి మఫ్లరు, చంకల్లో ఐసు సంచులు, జుట్టు నిండా కాగితం మంచు. సెట్లో ఏ వస్తువుకీ బరువుండదు. కాఫీ కప్పులో కాఫీ ఉండదు, కానుకల డబ్బాల్లో కానుకలుండవు, నేను ఊళ్ళోకి ఈడ్చుకొచ్చే సూట్‌కేసులో ఒక్క గుడ్డపేలికైనా ఉండదు. ఓవెన్‌కి కరెంటు వైరే ఉండదు. అందులోంచి బిస్కెట్ల పళ్ళెం తీసే సీను మాత్రం ప్రతి సినిమాలోనూ ఉంటుంది. మొదటి సినిమాలో నేను చేతులకి తొడుగులు వేసుకుంటే మా డైరెక్టరు కర్టిస్ వద్దన్నాడు. "కుడి చేతిలో చిన్న తువ్వాలు చాలు జోసీ. ఎడం చెయ్యి వట్టిగా ఉండాలి. వేలికి ఉంగరం లేదని చూసేవాళ్ళకి తెలియద్దూ?" అన్నాడు. అప్పటినుంచి షూటింగ్ ఉన్నన్నాళ్ళూ నా పెళ్ళి ఉంగరం మా దుస్తులు చూసుకునే అమ్మాయి దగ్గర, నా పేరు రాసిన ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. పళ్ళెం లాగడం, కుడివైపు తిరగడం, గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి నవ్వడం. నిద్రలో లేపి అడిగినా చేస్తాను.

షూటింగ్ అయ్యాక సెప్టెంబరులో మళ్ళీ స్టూడియోకి పిలుస్తారు, కొన్ని మాటలు తిరిగి చెప్పించడానికి. ప్రతి సినిమాలోనూ అలాంటి మాట ఒకటి తప్పకుండా దొరుకుతుంది. పోయినసారిది, "నన్ను ఒక్క మాట అడగాల్సింది." కర్టిస్ రికార్డింగ్ గది అద్దం అవతలినుంచి, "చాలా బాగా చెప్పావు, కాకపోతే కొంచెం కోపంగా వినిపిస్తోంది. ఇంకాస్త వెచ్చగా చెప్పు" అంటాడు. చెప్తాను. "ఇంకాస్త." మళ్ళీ చెప్తాను. నాలుగోసారికి అందులో కోపం పోతుంది, దాంతోపాటు అర్థమూ పోతుంది, అప్పుడు బాగుందంటాడు. ఈ ఏడు ఆ పని అయ్యాక వచ్చే ఏటి కబురు కూడా చెప్పాడు. హీరోయిన్‌కి తల్లి పాత్రట నాది. నాకు నలభైయేడు. హీరో మాత్రం బ్లేకే. నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు, నాలుగు సినిమాల్లో నన్ను ముద్దు పెట్టుకున్నాడు. వచ్చే ఏడు నాకు అల్లుడవుతాడు.

అక్టోబరులో, మా కెనడా థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర, చిక్కుడుకాయల గిన్నె నా చేతికందిస్తూ గ్రాంట్ వాళ్ళమ్మతో అన్నాడు, "జనవరిలో తుంటి ఆపరేషన్ అయ్యాక నువ్వు తిన్నగా మా దగ్గరికే వచ్చెయ్యి. ఆరు వారాలేగా. చలికాలం జోసీకి పనేం ఉంటుంది." క్రిస్మస్ సినిమాలవాళ్ళకి చలికాలంలో పని తక్కువన్న మాట నిజమే. మా వైపు చలికాలమంటే మంచు కాదు, వాన; జనవరి వానల్లో గ్రాంట్‌కీ పని ఉండదు. జనం వంటిళ్ళు పండక్కి ముందే బాగు చేయించుకుంటారు. ఆ సంగతి ఆ బల్ల దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. తర్వాత గిన్నెలు తుడుస్తూ, "నన్ను ఒక్క మాట అడగాల్సింది" అన్నాను. వెచ్చగానే అన్నాను. "అడిగితే మాత్రం కాదంటావా ఏంటి" అన్నాడు గ్రాంట్, నన్ను మెచ్చుకుంటున్నట్టుగా.

నవంబరులో ఇంగ్రిడ్ ఫోన్ చేసింది. పాతికేళ్ళ కింద ఇద్దరం ఒకే నటన బడిలో చదువుకున్నాం. ఇప్పుడు ఆమె విన్నిపెగ్‌లో చిన్న నాటకశాల నడుపుతోంది. "కొత్త నాటకంలో నీకో వేషం ఉంది. ఒక రైతు ఇల్లాలు. ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్నదంతా ఒకే ఒక్క సాయంత్రం ముగ్గురు కొడుకుల ముందు కక్కేస్తుంది. అరవాలి, జోసీ." "ఎంత గట్టిగా?" "చివరి వరసలో కూర్చున్న చెవిటి ముసలాయన ఉలిక్కిపడేంత." రిహార్సల్స్ జనవరి రెండునుంచి, డిసెంబరు ఇరవయ్యారో తేదీకల్లా ఏ సంగతో చెప్పాలంది, లేకపోతే ఇంకొకరిని వెతుక్కోవాలి. చూసి చెప్తానన్నాను. ఇంట్లో ఆడవాళ్ళం ఎప్పుడూ చూసే చెప్తాం, ఎవరి మొహం చూసి చెప్తామో మాత్రం చెప్పం. గ్రాంట్‌కి చెప్తే నవ్వాడు. "జనవరిలో విన్నిపెగ్‌కి ఎవరైనా వెళ్తారా? ముక్కు ఊడి చేతిలోకొస్తుంది." తర్వాత నవ్వు ఆపి, "అమ్మకి మాటిచ్చాం కదా" అన్నాడు. ఇచ్చింది నువ్వు అన్నాను. "నువ్వూ నేనూ వేరా?" అని నా నుదురు ముద్దు పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆ ముద్దుతో మాట అయిపోయిందనుకున్నాడు. అయిపోలేదు. ఆ వేషం నాకు కావాలి. ఇరవైమూడు సినిమాల్లో ఏ ఒక్కదాన్నీ ఇంతగా కోరుకోలేదు. కోరుకుంటున్నానని పైకి చెప్పడం చేతకాక ఇరవైనాలుగో తేదీదాకా కానుకలకి రంగుకాగితాలు చుడుతూ కూర్చున్నాను.

పండగనాడు నాలుగింటికి నా సినిమా పెట్టుకుని చూడటం మా ఇంట్లో ఆచారం. గ్రాంట్, అతని తమ్ముడు రస్, రస్ పెళ్ళాం పిల్లలు, డోరీన్, మా పదిహేడేళ్ళ బ్రిన్, అందరూ సోఫాల్లో సర్దుకుంటారు. నేను మాత్రం వాళ్ళతో కూర్చుని ఒక్కటీ పూర్తిగా చూడలేదు, కోడి ఓవెన్‌లోంచి దిగే వేళ కూడా అదే కాబట్టి. ఆ రోజూ బయట వాన. లోపలి గదిలో కాగితం మంచు. గ్రేవీ కలుపుతూ గోడ అవతలినుంచి నా గొంతే వింటున్నాను. ఎంత చల్లగా, ఎంత తియ్యగా ఉందో. డోరీన్‌కి అలాంటి కోడలు కావాలనిపించడంలో తప్పేముంది. "అయ్యో, బిస్కెట్లు!" అంది అక్కడి నా గొంతు. ఆ మాట తర్వాత ఏం చేయాలో నా ఒంటికి తెలుసు. ఓవెన్ తలుపు తీశాను, కుడి చేతిలో తువ్వాలు, ఎడం చెయ్యి వట్టిది, పళ్ళెం పట్టుకుని లాగాను, కుడివైపు తిరిగాను. నవ్వాను కూడా. గుమ్మంలో ఎవరూ లేరు.

ఎడం అరచెయ్యి చుర్రుమని కాలింది. అరవలేదు. మైకు పనిచేస్తుంటే అరవకూడదన్నది పదిహేడేళ్ళ అలవాటు. పళ్ళెం సగం బయటికొచ్చి ఓవెన్ తలుపు మీద దభీమని కూర్చుంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు గ్రాంట్ సోఫాలోంచి. "కోడి బాగానే ఉందా?"

"కోడి బాగానే ఉంది" అన్నాను.

వచ్చింది డోరీనే. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నా అరచెయ్యి ఒక్కసారి చూసి, కుళాయి తిప్పి, చేతిని నీళ్ళ కింద పెట్టింది. ముప్ఫైయొక్క ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. "ఇరవై నిమిషాలు. కదిలావంటే చూడు" అని గోడ గడియారం చూసుకుంది. ఆ తర్వాత నా వేలి వైపు చూసింది. "ఉంగరం తీసెయ్యాలి. వేలు వాచిందంటే ఉంగరాన్ని కోయాల్సొస్తుంది." గిన్నెల సబ్బు రాసి మెల్లిగా తిప్పింది. ఏటేటా తీసి తీసి అలవాటైన ఉంగరం, సులువుగానే వచ్చింది. దాన్ని కిటికీ గట్టు మీద, టీ సంచులు పడేసే సాసర్లో పెట్టింది.

"తొడుగులు ఎదురుగా వేలాడుతుంటే వట్టి చెయ్యి పెట్టావెందుకు?"

"అక్కడ పళ్ళెం చల్లగా ఉంటుంది" అన్నాను.

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నవ్వింది, నోరు మూసుకుని, భుజాలు కదిలేలా. "ఏళ్ళ తరబడి నిన్నొకటి అడుగుదామనుకుంటున్నా" అంది. "ఆ పిల్ల ప్రతిసారీ ఎందుకు ఉండిపోతుంది? బంగారం లాంటి ఉద్యోగం. అదంతా గాలికొదిలేసి, గళ్ళ చొక్కావాడి కోసమా? నేను వడ్రంగిని కన్నదాన్ని, నాకు తెలీదూ."

"అలా రాస్తారు."

"రాస్తే నువ్వు చెప్పడమేనా?"

నీళ్ళు పడుతున్నాయి. చెయ్యి మొద్దుబారింది. అందుకేనేమో మాట తేలికగా వచ్చింది. విన్నిపెగ్ గురించి చెప్పాను, రైతు ఇల్లాలి గురించి, రేపటికల్లా జవాబు చెప్పాలన్న దాని గురించి. గ్రాంట్ ఆమెకి ఒక్క ముక్కా చెప్పలేదు. డోరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహంలో నవ్వు పోయింది.

"మరి నన్నెవరు చూస్తారు?" అంది. భయపడుతోందని అప్పుడు తెలిసింది. అంతమంది రోగుల్ని మంచాల మీదినుంచి లేపిన మనిషి, తనను లేపేవాళ్ళు ఎవరా అని భయపడుతోంది. జాలేసింది. జాలేసినా మాట వెనక్కి తీసుకోలేదు.

"గ్రాంట్ చూస్తాడు. జనవరిలో ఆయనకీ ఖాళీయేగా."

"వాడికి తన సాక్సులెక్కడున్నాయో తెలీదు, నాకు తొడుగుతాడా?"

"మీరు నర్సు కదా, నేర్పండి."

ఆమె గడియారం చూసి, ఇంకా ఎనిమిది నిమిషాలంది. సరిగ్గా అప్పుడు ప్రకటనలు పడ్డట్టున్నాయి, గ్రాంట్ బీరు కోసం వచ్చి నా చెయ్యి చూశాడు. నిజంగానే కంగారుపడ్డాడు. ఆసుపత్రికి వెళ్దామా అన్నాడు, అక్కర్లేదని డోరీన్ చెప్పాక తేలికపడ్డాడు. కాసేపు నా భుజం నిమిరాడు. "పోనీలే జోసీ, ఇక ఆ విన్నిపెగ్ గొడవ కూడా తీరిపోయినట్టే. ఈ చేత్తో ఎక్కడికెళ్తావు?" అన్నాడు. ఆ గొంతులో ఊరట దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"నాటకానికి గొంతు చాలు. ఒంటి చేత్తో చేయలేనిది మీ అమ్మని మంచం మీదినుంచి లేపడం" అన్నాను.

గ్రాంట్ వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె కాదంటుందని ఎదురుచూశాడు. డోరీన్ తువ్వాలుతో తన చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలే, ఆపరేషన్ గదిలోంచి వచ్చినదానిలా.

"అది నిజమే" అంది. "నన్ను లేపాలంటే రెండు చేతులూ బాగుండాలి. నీవి బాగానే ఉన్నాయి కదరా."

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. ఒకదాంట్లో బీరు సీసా ఉంది. "మరి ఈ కోడిని ఎవరు కోస్తారు?" అన్నాడు, ఇంకేం అనాలో తెలియక.

"రంపం పట్టేవాడివి, కత్తి పట్టలేవా" అన్నాను.

లోపల సినిమా మళ్ళీ మొదలైంది. ఎవరూ లేచి రాలేదు. చివరి భాగం కదా. రస్ "గ్రాంటూ, ముద్దొస్తోంది, కళ్ళు మూసుకుందువుగాని రా" అని కేకేస్తున్నాడు. గ్రాంట్ వెళ్ళలేదు, సొరుగులన్నీ లాగి కత్తి కోసం వెతుకుతున్నాడు. అది పంతొమ్మిదేళ్ళుగా ఒకే సొరుగులో ఉంది. ఎక్కడో నేను చెప్పలేదు. ఫోన్ పట్టుకు రమ్మని బ్రిన్‌ని పిలిచాను. తెచ్చి, తడవకుండా నా చెవి దగ్గర పట్టుకుంది. చెయ్యి ఇంకా నీళ్ళ కిందే ఉంది, రెండు నిమిషాలు మిగిలాయి. ఇంగ్రిడ్ ఎత్తలేదు, కబురు వదలమంది యంత్రం. లోపలి గదిలో మంచు పడుతోంది కాబోలు, సంగీతం వచ్చింది, "నేను ఇక్కడే ఉండిపోతాను" అంది నా గొంతు, అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంగ్రిడ్, జోసీని. వస్తున్నాను" అన్నాను. వెచ్చగా అన్నానో లేదో చూసుకోలేదు.