వినికిడి పరీక్ష

కదురు మీద పోగు తెగింది. ఆమె చెయ్యి దానంతట అదే వెళ్ళి, కొసను పట్టుకుని, వేళ్ళ మధ్య మెలిపెట్టి అతికేసింది. పందొమ్మిదేళ్ళుగా రోజుకు కొన్ని వందలసార్లు చేస్తున్న పని. కళ్ళు మాత్రం ఎదుటి వరసలో ఉన్న పెద్దక్క పెదాల మీదే ఉన్నాయి.

నూలు మిల్లులో ఎవరూ చెవులతో వినరు. అన్ని వేల కదుళ్ళ రొదలో గొంతు చించుకున్నా లాభం లేదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదాలు బాగా విప్పి, సాగదీసి, చప్పుడు లేకుండా మాట్లాడుకుంటారు. చేరిన మూడు నెలలకు ఎవరికైనా ఆ విద్య పట్టుబడుతుంది. మేనేజరు పక్కనే నిలబడి ఉండగా ఆయన బట్టతల మీద జోకులేసుకుని, ఏమీ ఎరగనట్టు పని చేసుకునే సౌకర్యం అందులో ఉంది.

ఆమెను ఆ విద్యలోనే ఒక సందేహం తొలిచింది. పాట, బాట, మాట – పెదాల మీద మూడూ ఒక్కలాగే ఉంటాయి. మరి ఏది ఏదో ఎలా తెలిసిపోతోంది? దాన్ని పట్టుకుని దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. ముప్పై తొమ్మిదో ఏట భాషాశాస్త్రం డిప్లొమాలో చేరింది. శని, ఆదివారాలు మాత్రమే క్లాసులు. అది గట్టెక్కితే ఎం.ఏ.లో సీటు, ఆపైన పరిశోధన. "మిల్లు పెదాల మాటల మీద ఎవరూ రాయలేదమ్మా. నువ్వే రాయాలి," అని పాఠం చెప్పే మేడమ్ అన్నరోజు, ఆమె దిగాల్సిన స్టాపు మర్చిపోయి బస్సులో ఇంకో రెండు స్టాపులు వెళ్ళిపోయింది. మిల్లులో ఆమెకు పంతులమ్మ అని పేరు పడిపోయింది.

ఇవాళ నాలుగింటికి ధ్వనిశాస్త్రం ప్రాక్టికల్ – ధ్వనులు విని గుర్తులు రాసే పరీక్ష.

"భయంగా ఉందా?" పెద్దక్క పెదాలు అడిగాయి.

"లేదే."

"నీ మొహం చూసుకున్నావా? ఏకిన దూదిలా ఉంది."

రెండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, తలలో దూది దులుపుకుని స్నానం చేసి, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని కూర్చోబెట్టింది. పిల్ల గోడవైపు తిరిగి ఒక్కో అక్షరమే చదివింది. ఆమె రాసింది.

"అమ్మా, పదింట్లో ఏడు తప్పు."

"గోడకు చెప్తే నాకేం వినపడుతుందే? ఇటు తిరిగి చెప్పు."

"తిరిగితే పెదాలు చూసేస్తావు. అది దొంగాట." పిల్ల ఇటు తిరిగింది. "వెనకనుంచి ఎంత పిలిచినా పలకవు. నా మీద కోపమేమో అనుకునేదాన్ని."

"నీ మీద కోపమేంటే, పిచ్చిమొహమా," అంటూ ఆమె పిల్ల జడ సవరించింది.

కిందటేడాది మిల్లు వైద్యపరీక్షల్లో డాక్టరు చెప్పేశాడు. లావు శబ్దాలు వినపడతాయి, సన్నవి మిల్లు రొదకు పోయాయి, ఇక తిరిగిరావు. ఆమె ఆ మాట ఇంట్లో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. క్లాసులో ముందు బెంచీలో కూర్చునేది. మేడమ్ బోర్డువైపు తిరిగినప్పుడల్లా పాఠం తెగిపోయేది. ఆ ముక్కను పక్కమ్మాయి నోట్సు చూసి అతుక్కునేది.

పరీక్షగదిలో ఎనిమిదిమంది, ఎనిమిది హెడ్‌ఫోన్లు. నలభై ధ్వనులు వినిపిస్తారు, ఒక్కోదానికి గుర్తు రాయాలి. మొదట అచ్చులొచ్చాయి, చకచకా రాసింది. గ, డ, మ కూడా వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. అందరి కలాలూ కదులుతున్నాయి. అలవాటుకొద్దీ మేడమ్ పెదాలవైపు చూసింది. అవి మూసి ఉన్నాయి.

ఒక ఊహ రాసింది, కొట్టేసింది. ఇంకోటి రాసింది. ఇరవయ్యో గడి దగ్గర కలం మూసేసి, లేచి వెళ్ళి కాగితం మేడమ్ చేతికిచ్చింది.

"ఇంకా టైముందమ్మా."

"వినపడట్లేదు మేడమ్."

"సౌండు పెంచమంటావా?"

"సౌండు కాదు మేడమ్. మిల్లు."

మేడమ్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రాయొచ్చు," అంది.

"ఆ ఆర్నెల్లూ మిల్లులోనే ఉంటాను కదా మేడమ్."

మేడమ్ కాగితం మీద ఖాళీ గడులు లెక్కపెట్టసాగింది. ఆమే మళ్ళీ అంది: "పెదాల మాటల మీద రాస్తామని ఎవరైనా వస్తే నా దగ్గరకు పంపండి. నాకు తెలిసిందంతా చెప్తాను."

నమస్కారం పెట్టి బయటికి నడిచింది. మేడమ్ గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు పిలిచింది. ఆమె వెనక్కి తిరగలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని మెట్లు దిగి, ఆదివారం షిఫ్టుకు పేరు రాయించుకోవాలని గుర్తు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

గదిలో ఆమె బల్ల మీద హెడ్‌ఫోన్లు వెల్లకిలా పడి ఉన్నాయి. వాటిలోంచి సన్నగా, ఒకదాని వెనక ఒకటి, అక్షరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.